వెనకింటి కప్పు

బాలలక్ష్మి గోడకు ఒరిగి కునుకు తీస్తున్నట్టే ఉంది.

ఒడిలో బీడీల చాట. కుడిచేతి వేళ్ల మధ్య సగం చుట్టిన తునికాకు. తల ఎడమ భుజం మీదికి వాలింది. కొంగు మీద ఎండిపోయిన వాంతి మరక. ఎడమ పక్కన ఇత్తడి గిలాస, అడుగున గుక్కెడు పాలు. కుడి పక్కన మట్టి కుంపటి. బూడిద చల్లారింది.

సబ్ ఇన్‌స్పెక్టర్ కైలాసం తల వంచి గడప దాటాడు.

"టార్చి ఇటు కొట్టు."

హెడ్ కానిస్టేబుల్ హనుమండ్లు వెలుగును శవం ముఖం మీదికి తిప్పాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల ముఖం. చచ్చిపోయిన మనిషి ముఖంలా లేదు. చెంపలు ఎర్రగా ఉన్నాయి.

"నిద్రల ఉన్నట్టే ఉన్నది సార్" అన్నాడు హనుమండ్లు, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

కైలాసం ఆమె మణికట్టు పట్టి చూశాడు. కొయ్యలా బిగుసుకుపోయింది.

గాయం లేదు. పెనుగులాట గుర్తు లేదు. పెట్టె తాళం పెట్టెకే ఉంది. కమ్మలు చెవులకే ఉన్నాయి. తలుపుకు గొళ్లెం వేసి లేదు. కానీ రాత్రి చలికి దగ్గరగా మూసి కింద సందులో కుక్కిన గోనెపట్టా, పొద్దున తలుపు తోసినప్పుడు పక్కకు జరిగి పడి ఉంది.

బయటికి వచ్చేసరికి అతని కళ్లు చెదిరాయి. నాలుగు రోజుల ముసురు ఆ పొద్దున్నే తెరిపి ఇచ్చింది. ధర్మపురి మిద్దెల మీద ఎండ పడి తడిసిన గోడలు ఆవిర్లు కక్కుతున్నాయి.

1961, డిసెంబరు. టైము ఎనిమిదిన్నర.

ఇల్లు నూలు దుకాణం లింగమూర్తిది. ముందింట్లో ఆయన, భార్య ఐలవ్వ ఉంటారు. నడుమ వాకిలి. వాకిలి దాటితే వెనకిల్లు. ఒంటి గది మట్టి మిద్దె. మూడేళ్ల కింద దాన్ని ముత్యానికి కిరాయికి ఇచ్చాడు. ముత్యం సిరిసిల్లలో మగ్గాల షెడ్డులో పని చేస్తాడు, వారానికోసారి వస్తాడు. భార్య బాలలక్ష్మి ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. వాళ్లకు రెండేళ్ల కూతురు, నర్మద.

ఆ పిల్ల ఇప్పుడు ఐలవ్వ ఒళ్లో ఉంది. ఐలవ్వ కొంగు అంచు చీకుతూ పోలీసు టోపీ వంక చూస్తోంది.

"ముందుగాల చూసింది నువ్వేనా అవ్వా?" కైలాసం అడిగాడు.

"నేనే సారూ. తెల్లారక ముందు. పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకొని పోయిన. బాలవ్వా, బాలవ్వా అని పిలిచిన. పలుకలే. ముట్టుకుంటే సల్లగున్నది." పెళ్లయి ముప్పై ఏళ్లయినా కడుపు పండని మనిషి. ఆ పిల్లను గట్టిగా అదుముకుంది.

"రాత్రి పిల్ల నీ దగ్గర ఎందుకున్నది?"

"దగ్గు సారూ. గా ఇంట్ల వాన నీళ్లు కారుతున్నయ్. నా దగ్గర పండవెడ్త, నువ్వు పని చేసుకోబిడ్డా అన్న."

"గిలాసల పాలు ఎవలిచ్చిన్రు?"

ఐలవ్వ తల ఎత్తింది.

"నేనే ఇచ్చిన. పగటి బువ్వ తిన్నంక మల్ల ఏం తినలే ఆమె. కార్ఖానాల బీడీలిచ్చి దీపాలు పెట్టే యాల్లకు వచ్చింది. పాలు తాగి కూసో అని ఇచ్చిన." ఆమె ఆగింది. పోలీసు ప్రశ్న వెనక ఉన్నదేమిటో అప్పుడు అర్థమైంది. "సారూ! గామె నా బిడ్డ అసోంటిది."

కైలాసం గిలాసను సీలు చేయించాడు.

* * *

ముత్యం మధ్యాహ్నం బస్సుకు దిగాడు. బస్టాండు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా మీద ఇంకా నూలు పోగులున్నాయి.

వాకిట్లో చాప మీద పడుకోబెట్టిన భార్యను చూశాడు. ఏడవలేదు. ఆమె పాదాల దగ్గర కూలబడి, చల్లటి ఆ పాదాలను రెండు చేతులతో రుద్దాడు. చలికి మొద్దుబారిన కాళ్లను రుద్దినట్టు చాలాసేపు రుద్దాడు. ఎవరూ ఆపలేకపోయారు.

తర్వాత తల తిప్పి ముందింటి అరుగు మీద కూర్చున్న లింగమూర్తిని చూశాడు.

"నువ్వే సంపినవ్."

లింగమూర్తి యాభై దాటిన మనిషి. కట్టెలాంటి మనిషి. మాట కూడా అంతే.

"సారూ, రాసుకో" ముత్యం లేచాడు. "ఏడాది సంది వెళ్లగొడ్త, వెళ్లగొడ్త అంటున్నడు. ఊరంత విన్నది. నా పెండ్లాం మొగడు లేని యాల్ల జూసి పాలల్ల మందు కలిపి ఇచ్చిన్రు!"

"తగువు దేనికి?" అడిగాడు కైలాసం.

"గవాచికి."

కైలాసానికి మొదట నమ్మబుద్ధి కాలేదు. ఆ మట్టి మిద్దెలకు కిటికీలు ఉండవు. కప్పు నడుమ మూరెడు కంత విడుస్తారు. పొగ పోవాలన్నా, వెలుతురు రావాలన్నా అదే దారి. దాన్నే గవాచి అంటారు. వాన పడకుండా దాని మీద నాలుగు ఇటుకలు పేర్చి, ఇటుకల మీద మట్టి మూత బోర్లిస్తారు. మూతకు, కప్పుకు నడుమ జానెడు సందు. గాలి ఆడుతుంది, వాన దిగదు.

పోయినేడు వానాకాలంలో ఆ మూత పగిలింది.

"రిపేరు చెయ్యమన్న" అన్నాడు ముత్యం. "కప్పు నీది, కప్పు మీది మూత నీది అన్న. ఈయనేమన్నడు? గోడ కూలితే నేను కడ్త, కప్పు కూలితే నేను కప్త, మూత పగిలితే, గొళ్లెం ఊడితే ఉండేటోడే సూసుకోవాలె అన్నడు. నేను పలగ్గొట్టిన్నా? కోతి దుంకి పలిగింది. నేనెందుకు సూడాలె?"

"పెద్దమనుషుల్ల పెట్టలేదా?"

"పెట్టిన. దీపావళికి ముందల నూలు దుకాణం కాడ పది మంది కూసున్నరు. అప్పుడీయన ఏమన్నడో అడుగు సారూ. గా కప్పు మీద నా చేత్తో ఒక్క పెంక పెడితే నేను లింగమూర్తినే కాదన్నడు. సంక్రాంతి దాటినంక ఇల్లు ఖాళీ చెయ్యమన్నడు. నేనూ అన్న, నా చేత్తో ఒక్క పెంక పెడితే నేను మా బాపుకు పుట్టలేదని."

"మరి ఏడాది పొడుగునా వాన పడితే ఏం చేసిన్రు?"

ముత్యం తల దించుకున్నాడు.

"ఆమె బోకె పెట్టేది, నీళ్లు పడ్డకాడ."

పక్కింటి శంకరవ్వ గోడ మీదుగా అంతా వింటోంది. ఆమె కూడా బీడీలే చుడుతుంది. కైలాసం ఆమెనూ పిలిపించాడు.

"నిన్న ఈ ఇంటికి ఎవలన్న వచ్చిన్రా?"

"రాలే సారూ. బాలవ్వ పగటాల బువ్వ దినంగనే కార్ఖానాకు పోయింది. పొద్దుగూకినంక వచ్చింది. ముసురుకు బీడీలు మెత్తవడితే తీసుకోరు. గందుకే కుంపటి కాడ పెట్టి సేకుతది. నేను సుత గంతే."

"నడుమల ఏమన్న చప్పుడైందా?"

"మిద్దె మీద దబదబమన్నది. కోతులనుకున్న."

"పగటిపూట ఆమె ఎక్కడ కూసుంటది?"

"ఇంట్లనే. గవాచి కింద. సూది కిందవడ్డా కనవడ్తది గాడ. చమురు దండుగని పగటాల దీపం ముట్టియ్యదు బాలవ్వ."

కైలాసం ఆ మాట విన్నాడు. విన్నాడు గానీ పట్టించుకోలేదు. అతని కళ్లు అప్పటికే అరుగు మీది మనిషి మీద ఉన్నాయి.

* * *

"సేటు, నిన్న వెనకింటికి పోయినవా?"

"పోలే."

"పగటాల ఎక్కడున్నవ్?"

"దుకాన్ల."

"దుకాణం మూసి ఉన్నదని బజారోళ్లు చెప్పిన్రు."

"ముసురుకు గిరాకి లేకుండె. ఇంటికొచ్చి పండుకున్న."

"ఇంటికొచ్చినవని ఐలవ్వ చెప్పలే."

"ఆమె గుడికి పోయింది."

"అంటే ఇంట్ల నువ్వొక్కనివే ఉన్నవ్. వెనకిల్లు ఖాళీగ ఉన్నది. అవునా?"

ఐలవ్వ చాయ్ తెచ్చి ఇచ్చింది. లింగమూర్తి సాసర్‌ను వేళ్లతో పట్టలేదు. రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాడు. కైలాసం చూపు అక్కడ ఆగింది. వేళ్ల కొసలు తోలు లేచి, పచ్చిగా, నెయ్యి పూసి ఉన్నాయి.

"చేతులకేమైంది?"

"సలికి పలిగినయ్."

"ఒక్క వేళ్ల కొసలేనా?"

"వయసు" అన్నాడు లింగమూర్తి. చేతులు ధోవతి మడతల్లో దాచుకున్నాడు.

అబద్ధం. పదిహేనేళ్ల సర్వీసులో కైలాసం వేలసార్లు విన్న రకం అబద్ధం. ఆయన ఆ గదికి వెళ్లాడు. ఏదో చేశాడు. దాస్తున్నాడు.

సాయంత్రానికి వాకిలి ముందు నేతగాళ్లు గుమిగూడారు. ఎవరో విసిరిన రాయి ఐలవ్వ దర్వాజకు తగిలింది. కైలాసం లింగమూర్తిని స్టేషన్‌కు తీసుకుపోయాడు. కాపాడేందుకే అని హనుమండ్లుతో అన్నాడు. కానీ లాకప్ తాళం తిప్పుతున్నప్పుడు, హంతకుడు దొరికాడన్న తృప్తి అతని మనసులో లేకపోలేదు.

లింగమూర్తి లోపల గోడకు ఆనుకుని ఒక్కటే అడిగాడు.

"పిల్ల దగ్గు తగ్గిందా, జర కనుక్కుంటవా సారూ?"

దొంగ నటన అనుకున్నాడు కైలాసం.

* * *

శవాన్ని లారీలో జగిత్యాల దవాఖానాకు పంపారు. మర్నాడు పొద్దుటి బస్సుకు కైలాసం కూడా వెళ్లాడు.

డాక్టరు చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చాడు.

"విషం కాదు."

"పాలల్ల?"

"కడుపులో విషం ఆనవాలు లేదు. పాలు ల్యాబ్‌కు పంపుతా, కానీ అక్కడా దొరకదు. మీరు రక్తం చూడవలసింది. కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉంది. చెంపలు చూశారుగా? గదిలో బొగ్గుల కుంపటి ఉందా?"

"ఉంది."

"బొగ్గు గాలి. గాలి ఆడని గదిలో కుంపటి పెట్టుకుంటే ఆ గాలి లోపలే పేరుకుంటుంది. వాసన ఉండదు. తల నొస్తుంది, కడుపులో తిప్పుతుంది. నిద్ర వస్తుంది. అంతే. ఆమెకు బాధ తెలిసి ఉండదు." డాక్టరు ఆగి అడిగాడు. "కిటికీలున్నాయా?"

"లేవు. తలుపు మూసి ఉంది. కానీ కప్పుకు మూరెడు కంత ఉంది డాక్టర్‌గారూ. దాని మీదే ఏడాదిగా తగువు. వాన నీళ్లు లోపలికి కారుతున్నాయని."

డాక్టరు నుదురు ముడిపడింది.

"అంత కంత ఉంటే ఆ గాలి నిలవదే. ఇదివరకు శీతాకాలాల్లోనూ ఆమె అదే గదిలో కుంపటి పెట్టుకునే ఉంటుందిగా? మొన్నటిదాకా ఏమీ కాలేదుగా? అయితే నా లెక్క తప్పాలి. లేదంటే మీ కంత తప్పాలి."

తిరుగు బస్సులో కైలాసం కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పక్కన ఒక రైతు తన సంచి కోసం సీటు కింద తడుముకుంటూ, "ఏం కనవడ్తలేదు" అని విసుక్కున్నాడు.

కైలాసం కళ్లు తెరిచాడు.

సూది కిందపడ్డా కనపడే గది. పగలు దీపం అక్కర్లేని గది. నిన్న పొద్దున ఎనిమిదిన్నరకు, బయట కళ్లు చెదిరే ఎండ కాస్తుండగా, ఆ గదిలో శవం ముఖం చూడటానికి తనకు టార్చి కావలసివచ్చింది!

తను, హనుమండ్లు, పంచనామాకు వచ్చిన అయిదుగురు పెద్దమనుషులు. ఇంతమంది కిందికే చూశారు. తల ఎత్తి పైకి చూసినవాడు ఒక్కడు లేడు.

* * *

నిచ్చెన వేయించుకుని తనే ఎక్కాడు.

మిద్దె నడుమ గవాచి లేదు. దాని చోట ఒక నల్లబండ పరిచి ఉంది. అంచుల చుట్టూ కొత్త సున్నం. వానకు కరగకుండా పైన గోనెసంచి కప్పి, సంచి మీద రాళ్లు పెట్టారు. ఇటుకలు తీసి పక్కన పేర్చి ఉన్నాయి.

కైలాసం మోకాళ్ల మీద కూర్చుని సున్నం వైపు వంగాడు.

తాపీ మేస్త్రి చేసిన పని కాదు. మేస్త్రి అయితే ఇటుకల మీద మూత నిలబెట్టేవాడు, సందు వదిలేవాడు. ఇది పని తెలియని మనిషి చేసిన పని. నీళ్లు రాకూడదన్న ఒక్క ఆలోచనతో చీమ దూరే సందు లేకుండా పూడ్చాడు. తాపీ కూడా లేదు. సున్నాన్ని వేళ్లతో నొక్కి, వేళ్లతోనే నున్నగా తుడిచాడు. నాలుగు వేళ్ల చారలు బండ చుట్టూ వరసగా ఉన్నాయి.

పచ్చి సున్నం వేళ్లను తినేస్తుంది. కొసల నుంచి మొదలుపెడుతుంది.

కైలాసం కాసేపు అక్కడే కూర్చున్నాడు. కింద వాకిట్లో ఐలవ్వ పిల్లకు అన్నం తినిపిస్తోంది. దూరంగా గోదావరి మీది గాలి చల్లగా వస్తోంది. హంతకుడి కోసం వచ్చినవాడికి హంతకుడు దొరకకపోతే తేలికగా ఉండాలి. అతనికి తేలికగా లేదు. కిందికి దిగి ఈ సంగతి ముగ్గురికి చెప్పాలి. ఆ ముగ్గురిలో ఒకరు దాన్ని విన్నాక ఇంకెన్నాళ్లు బతికినా వినకముందు బతికినట్టు బతకలేరు.

* * *

లింగమూర్తిని స్టేషన్ నుంచి తీసుకొచ్చారు. అరుగు మీద ఒక చివర ఆయన, ఇంకో చివర ముత్యం. నడుమ గడపలో ఐలవ్వ. గోడవతల శంకరవ్వ. ముత్యంతో పాటు బాలలక్ష్మి అన్న సిద్దిరాములు, సిరిసిల్ల షెడ్డు నుంచి వచ్చిన ఇద్దరు పనివాళ్లు ఉన్నారు.

"బాలలక్ష్మిని ఎవలూ చంపలే" అన్నాడు కైలాసం.

ముత్యం లేవబోయాడు. సిద్దిరాములు భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"పాలల్ల ఏం లేదు. కుంపటి గాలి తగిలి పోయింది. డాక్టరు చెప్పిండు."

"కుంపటా?" అన్నాడు ముత్యం. "మూడేండ్లు అదే కుంపటి సారూ! అదే ఇల్లు! పైన గంత కంత ఉండె కదా!"

"మొన్న లేకుండె."

కైలాసం వెనకింటి కప్పు వైపు చెయ్యి చూపించాడు.

"మొన్న పగటాల, ఆమె కార్ఖానాకు పోయినంక, వాన జర ఆగినప్పుడు, ఒక మనిషి మిద్దె ఎక్కిండు. గవాచి మీద బండ పెట్టి సున్నంతోని పూడ్చిండు. శంకరవ్వ విన్న చప్పుడు కోతులది కాదు. బాలలక్ష్మి చీకటి పడ్డంక వచ్చింది. పగటి వెలుతురు ఉంటే గది చీకటైందని కనుక్కునేది. పొద్దుగూకినంక గవాచి ఉన్నా లేకున్నా ఒక్కతీరే. నీళ్లు పడ్తలేవు, ముసురు ఆగిందనుకున్నది. బీడీలు ఆరాలని కుంపటి ముట్టిచ్చింది. సలి పెడ్తుందని తలుపేసి, సందుల గోనె కుక్కింది."

కైలాసం లింగమూర్తి వైపు తిరిగాడు. అతనికి తెలియకుండానే గొంతు తగ్గింది.

"సేటు, నీ చేతులు సలికి పలగలే."

లింగమూర్తి ధోవతి మడతల్లోంచి చేతులు తీశాడు. వాటిని తనవి కానట్టు చూసుకున్నాడు.

"పోరి దగ్గుతుండె" అన్నాడు.

మాట బయటపడ్డాక ఆగలేదు.

"మూడు రోజుల సంది దగ్గుతుండె. బాలవ్వ రోజుకు పది బోకెలు నీళ్లు పారబోస్తుండె, నేను అరుగు మీద కూసోని సూస్తుంటి. ఒక్కనాడు సుత నన్ను ఒక్క మాట అనలే గా పిల్ల. ముత్యం అన్నడు గని ఆమె అనలే. మేస్త్రిని పిలుద్దామంటే ఊరంత తెలుస్తది. పది మందిల మాటన్న కదా. ఐలవ్వ గుడికి పోయింది. బాలవ్వ కార్ఖానాకు పోయింది. దసరాకు తెచ్చిన సున్నం మిగిలింది. ఎక్కిన. పూడ్చి దిగిన. నిన్న నువ్వడిగితే ఎక్కినట్టు చెప్పబుద్ధి కాలే సారూ. ఆమె సచ్చిపోయింది గని, నా బండకూ ఆమెకూ ఏం సంబంధమనుకున్న."

ఆయన ఆగాడు. కైలాసం ముఖంలోకి చూశాడు. చిన్నపిల్లవాడు పెద్దవాళ్లను చూసినట్టు చూశాడు.

"సారూ, నేను గా బండ పెట్టకుంటే, బతుకుతుండెనా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరికీ నష్టం లేదు. కైలాసం ముత్యం వైపు చూశాడు. ఆ మొగుడికి కూడా నిజం తెలియాలి కదా.

"బతుకుతుండె" అన్నాడు.

ఐలవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. లింగమూర్తి ఏడవలేదు, తల ఊపాడు. సరుకు ధర చెబితే ఒప్పుకున్నట్టు నెమ్మదిగా రెండుసార్లు ఊపాడు. ఆ తర్వాత తల ఎత్తలేదు.

ముత్యం నోరు విప్పాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నంతసేపు అతను నిలబడి ఉన్నాడు. ఇప్పుడు అది కూడా పోయింది.

"ఒక్క మాట చెప్తే ఏంబోయె సేటు? ఆమెకన్న చెప్పొద్దా, పైన పూడ్చిన బిడ్డా అని?"

"ఆమెకు చెప్తే నీకు చెప్తది. నువ్వు నవ్వుతవనుకున్న."

ముత్యం వెనకింటి వైపు చూశాడు.

"నవ్వుతుంటి" అన్నాడు. "సిరిసిల్ల దాక చెప్పుకొని నవ్వుతుంటి."

కైలాసం టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కిరాయి ఇళ్ల తగువులు అతని స్టేషన్‌కు కొత్త కాదు. తలుపు చెక్క ఎవరిది, గోడకు సున్నం ఎవరు వేయాలి, బావి గిలక విరిగితే ఎవరు మార్చాలి. వచ్చినవాళ్లను కసిరి పంపేవాడు. చిన్న రిపేర్లకు పోలీసులు కావాలా అనేవాడు. ఇప్పుడు ఈ ఇద్దరికీ ఏ సెక్షన్ చెప్పాలో అతనికి తోచలేదు. మూత వేయనివాళ్లిద్దరూ ఇక్కడే ఉన్నారు. వేసినవాడూ ఇక్కడే ఉన్నాడు. ఆ ఇద్దరి పంతం నడుమ నీళ్లు ఎత్తిపోసిన మనిషి లేదు.

"కేసు లేదు" అని మాత్రం అన్నాడు. "ప్రమాదం అని రాస్త."

* * *

పొద్దు వాలుతుండగా జగిత్యాల నుంచి లారీ వచ్చింది.

చీకటి పడకముందే గోదావరి ఒడ్డుకు చేర్చాలి. బాలలక్ష్మికి స్నానం చేయించి, పసుపు కుంకుమలు పెట్టింది ఐలవ్వే. కోసిన శవమని శంకరవ్వ తప్ప మిగతా ఆడవాళ్లు దగ్గరికి రాలేదు. నిన్న వాకిలి ముందు అరిచిన నేతగాళ్లు వీధి మలుపులో గుంపుగా నిలబడ్డారు. ఒక్కరూ ముందుకు రాలేదు. పోలీసు కేసు, దవాఖానా శవం. ఎవరి భయాలు వాళ్లకున్నాయి.

పాడె సిద్ధమైంది. ముత్యం నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడ్డాడు. సిద్దిరాములు ఒక కొమ్ము పట్టాడు. సిరిసిల్ల పనివాళ్లిద్దరూ చెరో కొమ్ము పట్టారు.

తల వైపు ఒక కొమ్ము ఖాళీగా ఉంది.

"ఇంకొకలు గావాలె" అన్నాడు సిద్దిరాములు వీధి వైపు చూస్తూ.

ఎవరూ కదలలేదు. కైలాసం బెల్టు విప్పి హనుమండ్లు చేతికిచ్చాడు. చొక్కా చేతులు మడుచుకుంటూ ఒక అడుగు వేశాడు.

అప్పుడు అరుగు చివర లింగమూర్తి లేచి నిలబడ్డాడు. లేచాడు గానీ అడుగు పడలేదు. పచ్చిగా ఉన్న వేళ్లను ఒళ్లో దాచుకున్నట్టే ముందు పట్టుకుని ముత్యం వీపు వైపు చూస్తూ నిలబడిపోయాడు. కైలాసం కూడా ఆగాడు.

ముత్యం వెనక్కి తిరిగాడు. కుండలోంచి పొగ లేచి అతని కళ్లలోకి వస్తోంది. తుడుచుకోలేదు.

ఐలవ్వ చంకలో నర్మద, "అవ్వా" అంది. ఎవరిని పిలిచిందో ఎవరికీ తెలియలేదు.

"పట్టు సేటు" అన్నాడు ముత్యం. "జర మెల్లగ లేపు."

లింగమూర్తి మెట్లు దిగి వచ్చాడు. ఆ కొమ్మును అరచేతులతో కాదు, వేళ్లతోనే గట్టిగా పట్టుకున్నాడు. నలుగురూ ఒక్కసారే లేపారు.